చిరిగిన నీడకు కుట్టు

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, పాత కుట్టుమిషనూ క్షేమం. మిషను మాత్రం ఈమధ్య నాకంటే ఎక్కువ మూలుగుతోంది. నీ పుస్తకానికి బహుమతి వచ్చిందని విని అమ్మ ఏమందని అడిగావు. "చిన్నప్పుడు ఇవే అబద్ధాలాడితే వీపు విమానం మోత మోగించేదాన్ని. ఇప్పుడు వాటికి బహుమతులా!" అంది. అని, ఆ పుస్తకాన్నే పట్టుకెళ్లి పక్కింటావిడకు చూపించింది. అది ఇంకా ఇంటికి రాలేదు, వీధంతా తిరుగుతోంది.

"వంతెన కింది వింతలు" కథలన్నీ చదివాం. లిఫ్టులో లేని అంతస్తు కథ చదివినప్పటి నుంచి అమ్మ మెట్లెక్కే వస్తోంది, ఆవిడ మోకాళ్లకు నీదే పూచీ. ఇక నీడలు కుట్టే దర్జీ కథ అయితే నా కొంపమీదికే వచ్చింది. వంతెన కింద కొట్టు, కళ్లజోడుకు దారం కట్టుకున్న దర్జీ అని రాస్తే జనం పసిగట్టరా? "మా నీడ కాస్త చూడండి" అంటూ వస్తున్నారు. చాలామంది వేళాకోళానికే. "ముందు ఆ చొక్కా గుండీ పెట్టుకో బాబూ" అని పంపేస్తున్నాను.

"బహుమతి ఇచ్చారు గానీ నాన్నా, నా కట్టుకథలు ఎవరికి పనికొస్తాయి? నీ కుట్టయినా ఒంటిని కప్పుతుంది. ఇక రాయడం మానేస్తాను" అని రాశావు. అది చదివాక నాకు ముద్ద దిగలేదు. అందుకే మీ అమ్మకు కూడా చెప్పనిది నీకు చెబుతున్నాను.

మొన్న పొద్దున కొట్టు తెరుస్తుంటే ఒక నర్సమ్మ వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. ఎండలో నిలబడి "చూడండి" అంది. చూశాను తల్లీ. ఆమె నీడ భుజం దగ్గర చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి ఎండ నేలమీద పడుతోంది.

"ఎలా చిరిగిందమ్మా?" అన్నాను.

"వార్డులో ఒక పాప నా చేతుల్లోనే పోయిందండీ. అప్పట్నుంచీ ఈ చెయ్యి ఉన్నట్టే లేదు."

ఏం చేయాలో నీ కథలో రాసే ఉందిగా. దారం ఎక్కించని సూది పట్టుకుని నేలమీద కూర్చున్నాను. మొన తగలగానే నీడ పలచటి బట్టలా చల్లగా వేలికి ఆనింది. కుట్టు పడేకొద్దీ ఆ చిరుగు మూసుకుపోయింది. ఆమె చెయ్యెత్తి వేళ్లు కదిపి చూసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "రేపు డ్యూటీకి పోగలను" అంది.

ఆమె వెళ్లాక నా నీడ సంగతేమిటోనని నేనూ ఎండలోకి వచ్చి చూసుకున్నాను.

వీపు పొడుగునా పాత చిరుగు. దాని మీద కుట్లు! ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అన్నీ వంకరటింకర, చివర ముడి మీద ముడి. నా చేతి పని కాదది.

అప్పుడు గుర్తొచ్చింది. పాత కొట్టు కాలిపోయిన ఏడాది నేను కత్తెర ముట్టుకోలేదు, గోడవైపు తిరిగి కూర్చునేవాణ్ణి. నీకు పాలపళ్లు ఊడే వయసు. నా వెనక నేలమీద సూదితో ఏదో చేస్తుంటే "ఏంటే అది?" అని కసిరాను. "కదలకు నాన్నా, చిరిగింది, కుడుతున్నా" అన్నావు. పిల్లల ఆట అనుకున్నాను. మర్నాడే లేచి కత్తెర వెతుక్కున్నాను. ఎందుకు లేచానో ఇన్నాళ్లూ తెలియలేదు.

కథలో దర్జీ నేనేనని మురిసిపోయాను. కాదే, అది నువ్వు. ఆ కుట్లు విప్పి తిన్నగా కుట్టుకోవడం నాకో లెక్క కాదు. కానీ ముట్టుకోను.

అమ్మ పిలుస్తోంది. కొట్టు ముందు ఒక బస్సు కండక్టరు ఎండలో నిలబడి ఉన్నాడట, నవ్వడం లేదట. వెళ్లాలి. నా రెండు చేతులూ చాలేలా లేవు, నువ్వూ రాయి.

ఇట్లు,
నీ కుట్ల మీద నడుస్తున్న
నాన్న