ఇస్తీర్ అత్త ప్రయాణం

నజ్లత్ హన్నా, మిన్యా జిల్లా
2 ఏప్రిల్ 1964

మా అన్న కొడుకు చిరంజీవి లబీబుకు, మేనత్త ఇస్తీర్ దీవించి రాయునది.

ఇక్కడ క్షేమం. ఈస్టరు ముందు పెద్ద ఉపవాసం నడుస్తోంది కాబట్టి పొద్దున చిక్కుళ్ళు, సాయంత్రం చిక్కుళ్ళు. పండక్కి నువ్వూ, మీ ఆవిడా, మీ అత్తగారూ, మీ బావమరిదీ యెరూషలేము వెళ్తున్నారని ఫాదర్‌గారు చెప్తే తెలిసింది. నాకు చెప్పడం మరిచిపోయి ఉంటావు. ఐదో పేరు నాది రాయించు. పాస్‌పోర్టు తీయించుకుని ఐదేళ్ళయింది, ఫోటోలో దొంగలా ఉన్నాను.

చెప్పులు కుట్టే కుంటి హన్నా పోయిన ఏడు వెళ్ళొచ్చాడు. ఇప్పుడు వాణ్ణి కుంటి అనే ధైర్యం ఎవరికీ లేదు. యెరూషలేము చూసొచ్చినవాడు కాబట్టి ముకద్దిస్ హన్నా, అంతే. మరి నా సంగతి చూడు. పిల్లలున్న ఆడదాన్ని కొడుకు పేరు పెట్టి ఫలానావాడి తల్లీ అంటారు. నాకు పిల్లలు లేరు. బఖూమ్ పెళ్ళాన్ని. బఖూమ్ పోయి పద్దెనిమిదేళ్ళయినా బఖూమ్ పెళ్ళాన్నే. డెబ్బై రెండేళ్ళొచ్చాయి, నా పేరుతో నన్ను ఒక్కరన్నా పిలవాలి. ముకద్దిసా ఇస్తీర్ అని పిలిపించుకునే పోతాను.

ఇట్లు,
నీ మేనత్త ఇస్తీర్

తా.క. కఫన్ గుడ్డ కొనేశాను. నాలుగు గజాలు, మంచి నేత. సంచిలో పెద్ద చోటు పట్టదు.

——

షుబ్రా, కైరో
8 ఏప్రిల్

పూజ్యులైన అత్తయ్యకు లబీబు నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాం. కానీ అత్తయ్యా, సీట్లు నాలుగే. పైగా డెబ్బై దాటినవాళ్ళకి డాక్టరు కాగితం ఉండాలని టూరు ఆఫీసువాళ్ళ నియమం. మీ గుండెకి కాగితం ఇచ్చే డాక్టరు మిన్యా అంతా వెతికినా దొరకడు. అక్కడన్నీ మెట్లూ, ఎత్తుపల్లాలూను. మీరు వచ్చే ఏడు వెళ్దురుగాని. మీకోసం యొర్దాను నీళ్ళు ఒక సీసాడు తెస్తాం.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. పండక్కి వెళ్ళేవాళ్ళకి, పోయినవాళ్ళకి చుట్టే కఫన్ గుడ్డ ఎందుకు? ఒంట్లో ఎలా ఉంది? దాచకుండా రాయండి.

మీ విధేయుడు,
లబీబ్

తా.క. గుడ్డ మంచి నేతయితే కిటికీ పరదాలకి పనికొస్తుందేమో అడగమంది మీ కోడలు ఫెబ్రోనియా. అది ఏ గుడ్డో తనకి నేనింకా చెప్పలేదు.

——

నజ్లత్ హన్నా
14 ఏప్రిల్

లబీబుకు అత్త రాయునది.

నీ బావమరిదికి సీటుంది, నిన్ను ఎత్తుకు తిప్పిన మేనత్తకి లేదు. బావుందిరా. వచ్చే ఏడు అంటూ నా వయసువాళ్ళకి రాయకూడదు, ఎవరూ చెప్పలేదా నీకు?

నువ్వు కాదన్నావని నేను ఆగను. చేయవలసినవన్నీ చేస్తూనే ఉన్నాను. ఇంటికి సున్నం వేయించాను. కోళ్ళని ఊరివాళ్ళకి పంచేశాను. ఉపవాసంలో కోసుకు తినలేరు కదా, నా పేరు చెప్పుకుని మేపుతున్నారు. ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ అడిగాను. పదకొండేళ్ళుగా మాట్లాడని మరీనా దగ్గరికి కూడా వెళ్ళి "తప్పు నీదే, అయినా నన్ను క్షమించు" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకున్నాను, దీవెన నూనె రాయించుకున్నాను. ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చాను. మనసు తేలికగా ఉంది. ఇక పిలుపు రావడమే తరువాయి.

ఇట్లు,
అత్త ఇస్తీర్

తా.క. కఫన్ ఒకసారి కప్పుకుని చూశాను. పొడవు సరిపోయింది. ఫెబ్రోనియాకి పరదాలు కావాలంటే వేరే కొనుక్కోమను.

——

షుబ్రా, కైరో
20 ఏప్రిల్, సోమవారం

పూజ్యులైన అత్తయ్యకు,

మీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఫెబ్రోనియా ఏడుస్తోంది. మా అత్తగారు నల్లబట్టలు తీసి ఇస్త్రీ చేస్తోంది. పిలుపు రావాలి అని అంత మామూలుగా ఎలా రాయగలిగారు? అది రానే రాదు, మేం రానివ్వం.

మిన్యా నుంచి మంచి డాక్టరుని పంపుతున్నాను, బుధవారానికి వస్తాడు. గుండె బాగా పరీక్షించి కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. అంతదాకా లేవకండి. మిమ్మల్ని ఆ స్థితిలో వదిలి ఏ మొహంతో పవిత్ర సమాధికి మొక్కుతాను? టిక్కెట్లు నాలుగూ ఆఫీసులో తిరిగిచ్చేశాను. శనివారం విమానం బయల్దేరేలోగా ఎవరొచ్చినా ఆ సీట్లు ఇస్తారట. గురువారం రైలుకి నలుగురం మీ దగ్గరికి వస్తున్నాం.

కన్నీళ్ళతో,
మీ లబీబ్

తా.క. బావమరిది కూడా ఏడ్చాడు. వాడికి విమానం ఎక్కాలని ఉండింది.

——

యెరూషలేము
28 ఏప్రిల్, మంగళవారం
(చిరునామా: లబీబ్, నా ఇల్లు, నజ్లత్ హన్నా)

బంగారు తండ్రి లబీబుకు,

నేను చచ్చిపోతున్నానని ఏ ఉత్తరంలో రాశానో తీసి చదువు. యెరూషలేము వెళ్ళేవాళ్ళు మా ఊళ్ళో అందరూ చేసే పనులే నేనూ చేశాను. ఇల్లు సర్దుతారు, శత్రువుకి దణ్ణం పెడతారు, యెరూషలేము నుంచి పిలుపు కోసం చూస్తారు, ప్రభువుని పడుకోబెట్టిన పవిత్ర శిలకి అద్ది దాచుకోడానికి కఫన్ పట్టుకెళ్తారు. మీ నాన్న బతికుంటే నీకు చెప్పేవాడు. కైరోలో పుట్టావు, నిన్నేం అంటాం?

నువ్వు పంపిన డాక్టరు వచ్చేసరికి నేను మిద్దె మీద కట్టెలు సర్దుతున్నాను. గుండె విని "ఇది నాకంటే గట్టిగా ఉంది" అని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం, పాస్‌పోర్టు పట్టుకుని గురువారం తెల్లారేసరికి కైరో రైలెక్కాను. దారిలో బెనీ సువైఫ్ స్టేషన్లో మీ రైలు పక్కనే ఆగింది. మీ అత్తగారు కిటికీ దగ్గర నల్లబట్టల్లో కూర్చుని పల్లీలు తింటోంది. నేను తల దించుకున్నాను. దిగి మీకు చెప్పాలనిపించింది లబీబూ, నిజంగా అనిపించింది. కానీ చెబితే వెనక్కి తీసుకెళ్తావు.

టూరు ఆఫీసులో డాక్టరు కాగితం చూపించి, డబ్బు కట్టి, నీ సీట్లోనే కూర్చుని వచ్చాను. మిగతా మూడూ ఎవరో తీసుకున్నారట. నన్ను వచ్చే ఏడు వెళ్ళమన్నావు కదా, ఆ వచ్చే ఏడు నువ్వు వెళ్ళు. మెట్లు ఎక్కువేం లేవు.

యెరూషలేము వచ్చిన గుర్తుకి పచ్చబొట్టు అందరూ పండగయ్యాక పొడిపించుకుంటారు. నేను ఆగలేదు. పొడిచేవాడు ముంజేతి మీద సిలువా, ఈ సంవత్సరమూ వేసి "పేరు కూడా రాస్తాను, ఎవరి తల్లివమ్మా?" అన్నాడు. ఎవరి తల్లినీ కాననీ, ఇస్తీర్ననీ చెప్పాను. సూది దిగితే మంట పుట్టింది. ఏడ్చాను గానీ మంటకి కాదు.

ఇట్లు,
ముకద్దిసా ఇస్తీర్

తా.క. నేను వచ్చేదాకా అక్కడే ఉండండి. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళని చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఊరంతా వండిపెడుతుంది, మొహమాటపడకండి. రైలు దిగేరోజు నా సంచి నువ్వే మోయాలి. ఊళ్ళోవాళ్ళు "ఎవరు దిగారు?" అంటారు. మా అత్త అని గొణగకు. పేరు చెప్పు, గట్టిగా.