వేళ్ళ మధ్య సందు

అంబాజీపేట,
మార్చి 2

చిరంజీవి సత్యశ్రీకి,

మావయ్య దీవెనలు. ఫోన్లో నాకు మాటలు రావని నీకు తెలుసు. హలో అన్నాక ఏమనాలో తోచక ఫోను మీ అత్తయ్య చేతిలో పెట్టేస్తాను. అందుకని రోజు పద్దు రాసుకున్నాక, అదే బల్ల మీద ఈ కాగితం రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ ఇలాగే రాయి. తీరిగ్గా చదువుకుంటాను.

ఊళ్ళో అందరూ నువ్వు బ్యాంకులో చేస్తున్నావనుకుంటున్నారు. కాదని నాకు తెలుసు గాని, మరేమిటో తెలియదు. డబ్లిన్లో ఫైనాన్స్ చదివి అక్కడే ఫండ్ల కంపెనీలో చేస్తోందని చెబితే, మన కొట్టు పక్క వీరబాబు "అంటే చీటీలాండీ?" అన్నాడు. అవుననాలో కాదనాలో తెలియక కొబ్బరికాయలు ఏరుకుంటూ కూర్చున్నాను. పొద్దున్న వెళ్ళి కుర్చీలో కూర్చున్న దగ్గర్నించి నువ్వు చేసేదేమిటి? మీ ఆఫీసు కిటికీలోంచి ఏం కనబడుతుంది?

మొన్న ఫోన్లో నన్నూ అత్తయ్యనీ వేసవిలో అక్కడికి రమ్మన్నావు. మాకెందుకమ్మా అంత దూరం. అటక నిండా కురిడీకి ఎండబెట్టిన కొబ్బరికాయలున్నాయి. ముందు నీ ఉద్యోగం పర్మినెంటు కానీ.

నీ మేలు కోరే
మావయ్య వీరవెంకటరమణ


డబ్లిన్,
మార్చి 9

ప్రియమైన మావయ్యగారికి,

మీ ఉత్తరం ఆఫీసుకు వెళ్తూ బస్సులో చదివి, పక్కవాళ్ళు చూసేలా నవ్వాను. వీరబాబు గారు మరీ తప్పేం అనలేదు. ఎందరిదో పింఛను డబ్బు ఒకచోట చేరుతుంది. దానితో రకరకాల కంపెనీల వాటాలూ బాండ్లూ కొంటారు. సాయంత్రానికల్లా ఆ మొత్తం విలువ ఇంత అని చెప్పాలి. ఆ చెప్పే విలువ సరైనదేనా అని చూడడం నా పని. రోజూ బేరం జరిగేవాటి ధర అందరికీ తెలుస్తుంది. కొన్ని మాత్రం ఏళ్ళ తరబడి అమ్మకానికి రావు. చిక్కంతా వాటితోనే. మీరు అటకెక్కి కురిడీ కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారే, లోపల నీళ్ళ చప్పుడో, ఎండిన కొబ్బరి కదిలిన చప్పుడో వినడానికి. పగలగొట్టి చూడకూడదు కదా. ఇదీ అలాంటిదే అనుకోండి. మీకూ ఒక్కోసారి తప్పుతుంది, నాకూ తప్పుతుంది.

కిటికీలోంచి కాలువ కనబడుతుంది. మన కాలువకున్నట్టే లాకులున్నాయి. గుర్రపుడెక్క మాత్రం లేదు. మీరు రానన్నారు కాబట్టి ఫోటో పెడుతున్నాను.

నా కాంట్రాక్టు జూన్‌తో సరి. చదువయ్యాక ఇక్కడ ఉండనిచ్చిన గడువు ఆగస్టు వరకే. మా జట్టులో ఒకే ఒక్క పర్మినెంటు ఖాళీ వస్తుందంటున్నారు. అది నాకిస్తే వర్క్ పర్మిట్‌కి కంపెనీయే దరఖాస్తు పెడుతుంది. ఇవ్వకపోతే పెట్టె సర్దుకోవడమే. తిరిగి రావడం చిన్నతనమని కాదు మావయ్యగారూ. పొద్దున్నే లేచి వెళ్ళాలనిపించే పని నాకు మొదటిసారి దొరికింది. అది పోతుందేమోనని భయం.

అత్తయ్యగారికి నమస్కారాలతో,
సత్యశ్రీ


అంబాజీపేట,
ఏప్రిల్ 6

చిరంజీవి సత్యశ్రీకి,

ఫోటో చాలాసార్లు చూశాను. లాకు తలుపులు కర్రవా, ఇనుపవా? పక్కకి పొడుగ్గా ఒక దూలం ఉంది. దాన్ని పట్టుకుని తోస్తారా? తెరవడానికి మనిషి ఉంటాడా, పడవవాళ్ళే తెరుచుకుంటారా? ఎంత పెద్దది చేసి చూసినా తెలియలేదు. అక్కడ వేసవిలో కూడా స్వెట్టర్ వేసుకోవాలా అని మీ అత్తయ్య అడగమంది.

నీ పని కొంత అర్థమైంది. వీరబాబుకి కురిడీ సంగతి చెప్పే వివరించాను. ఇంకొకటి చెప్పు. ధరలో తేడా ఉందని నువ్వన్నాక, లేదని పైవాళ్ళంటే ఎవరి మాట నిలుస్తుంది?

ఆ ఖాళీ సంగతి తేలిందా? నోరు తెరిచి అడిగే మనిషివి కావు నువ్వు. "అచ్చం మీ మేనకోడలేనండీ" అంటోంది అత్తయ్య.

నీ కబురు కోసం చూసే
మావయ్య


డబ్లిన్,
మే 11

ప్రియమైన మావయ్యగారికి,

మీ ప్రశ్నలకి ఇంకోసారి జవాబు రాస్తాను. ఇవాళ మనసు బాగాలేదు.

పది రోజుల కిందట మా పై అధికారి ఫియోనా పిలిచి, ఆ పర్మినెంటు ఉద్యోగం నువ్వు తీసుకుంటావా అని అడిగింది. ఆ మాటకోసమే ఇన్నాళ్ళూ చూశాను. కానీ అడిగిందే తడవుగా ఊఁ అంటే ఏం బావుంటుంది? "ఫర్లేదండీ, నాకంటే ముందొచ్చిన వాళ్ళున్నారు, వాళ్ళకివ్వండి" అన్నాను. నిజంగానా అని కూడా ఆవిడ అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పినందుకు థాంక్స్ అని కంప్యూటర్ వైపు తిరిగింది. మళ్ళీ పిలుస్తుందని రోజూ చూశాను. నిన్న అందరికీ మెయిల్ వచ్చింది. ఆ ఉద్యోగానికి బయటివాళ్ళ నుంచి దరఖాస్తులు తీసుకుంటారట.

నా పని నచ్చకే పేరుకి ఒకమాట అడిగిందా? నేను చేసిన తప్పేమిటో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

సత్యశ్రీ


అంబాజీపేట,
మే 12

చిరంజీవి సత్యశ్రీకి,

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. ముందు నవ్వింది. తరవాత కళ్ళు తుడుచుకుంది.

మొన్న ఐనవిల్లిలో నరసింహమూర్తిగారింట్లో పెళ్ళికి భోజనాల పని బయటూరి వాళ్ళకిచ్చారు. మంచి కుర్రాళ్ళు, చేతులు శుభ్రం. గారె పట్టుకొచ్చి వేయమంటారా అన్నారు. మనవాళ్ళు అలవాటు చొప్పున చాలండీ అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేరు. కుర్రాళ్ళు సరేనని ముందుకెళ్ళిపోయేరు. వేళ్ళ మధ్య సందు ఉంటే ఇంకో రెండు వేయాలని, వేళ్ళు దగ్గరగా ఉంటేనే నిజంగా చాలనీ వాళ్ళకెవరు చెప్పేరు? గారెలు గంపల్లో మిగిలిపోయేయి. మేము ఇంటికొచ్చి చద్దన్నం తిన్నాము.

వడ్డించినవాళ్ళది తప్పు కాదు, తిననివాళ్ళదీ కాదు. మీ ఫియోనా గారు నిన్ను పేరుకి అడగలేదు. నిజంగానే అడిగింది. నీ వేళ్ళ సందు ఆవిడకి కనబడలేదు, అంతే.

వెళ్ళి అడుగు. నాకు కావాలని నోటితో చెప్పు. సిగ్గుగా ఉంటుంది. నాకైతే ఇంకా ఎక్కువ ఉంటుంది. అయినా వెళ్ళు.

మావయ్య


డబ్లిన్,
జూన్ 8

ప్రియమైన మావయ్యగారికి,

వెళ్ళాను. తలుపు దగ్గరే నిలబడి "ఆ ఉద్యోగం నాకు కావాలండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"నువ్వే వద్దన్నావు కదా" అంది ఫియోనా.

"మా వైపు మొదటిసారి అనే వద్దు, వద్దు కాదండీ" అన్నాను. విస్తరి సంగతి, వేళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకుని, "అయితే మిమ్మల్ని ఎన్నిసార్లు అడగాలి?" అంది. మూడోసారి కూడా వద్దంటే అప్పుడు నిజంగా వద్దనండీ అన్నాను. చాలాసేపు నవ్వింది. కానీ ప్రకటన ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడం కుదరదట. నేనూ బయటివాళ్ళతో పాటే ఇంటర్వ్యూకి కూర్చోవాలంది.

కూర్చున్నాను. మీ ప్రశ్నే అడిగారు, పైవాళ్ళు తేడా లేదంటే ఏం చేస్తావని. నా లెక్క కాగితం మీద పెట్టి, మళ్ళీ చూడమని రెండోసారి అడుగుతానన్నాను. నిన్న ఉద్యోగం నాకే అని చెప్పారు. పర్మిట్‌కి కంపెనీ దరఖాస్తు పెట్టింది. ఇప్పుడు ఫియోనా నన్ను టీ తాగుతావా అని వరసగా మూడుసార్లు అడిగి, మధ్యలో నా వేళ్ళు చూస్తోంది.

అత్తయ్యగారికి ముందు చెప్పండి.

మీ
సత్యశ్రీ


అంబాజీపేట,
జూన్ 9

చిరంజీవి సత్యశ్రీకి,

చాలా సంతోషం. అత్తయ్య వీధంతా పూతరేకులు పంచింది. నువ్వు చేసేది చీటీలు కాదని వీరబాబే ఇప్పుడు అందరికీ వివరిస్తున్నాడు. కొంచెం తప్పుగానే చెబుతున్నాడు గాని నేను ఆపలేదు.

నీకు వెళ్ళి అడగమని రాసిన దగ్గర్నించి నాకొకటి తోస్తోంది. ఆ మధ్య ఫోన్లో నువ్వు రమ్మంటే మాకెందుకమ్మా అన్నాను. మళ్ళీ అంటావని మార్చంతా చూశాను. ఏప్రిల్లో లాకుల గురించి అడిగాను. స్వెట్టర్ సంగతి కూడా అడిగాను. నువ్వు మళ్ళీ అనలేదు. అక్కడి పద్ధతి బాగానే పట్టుబడిందే దీనికి అనుకున్నాను.

"మీ వేళ్ళ సందు అంత దూరం నించి పిల్లకెలా కనబడతాదండీ, రాసెయ్యండి" అంది అత్తయ్య.

అందుకని నోటితో అనలేక ఇలా రాస్తున్నాను. మాకు రావాలని ఉంది. పాస్‌పోర్టులు ఏప్రిల్లోనే వచ్చేయి. కురిడీ దసరాకి దిగిపోతుంది. ఆ తరవాత ఎప్పుడైనా సరే. ఆ లాకు తలుపులు ఎవరు తెరుస్తారో నువ్వు రాయకు. నేను చూస్తాను.

రావాలనుకుంటున్న
మావయ్య