చుక్క కంట్లో నిలిచింది

పుదుచ్చేరి

అక్కా,

రోజూ తప్పకుండా చుక్కలు వేసినా నాన్నకు చూపెందుకు పోయింది? ఇన్నేళ్లకు దానికి జవాబులాంటిది దొరికింది. చుక్కలు నా గ్లకోమాను ఆపడం లేదని, ఇక లేజరో ఆపరేషనో చేయాలని పోయిన నెల డాక్టరుగారన్నారు. అప్పుడు నర్సు లీలమ్మ, ఇక్కడి తెలుగావిడే, తన ఎదుట నన్ను చుక్క వేసుకోమంది. అమ్మ నాన్నకు చేసినట్టే వెంటనే కొంగుతో కన్ను తుడిచేశాను.

“ఏంది మేడమ్, మందు కంటికి పోస్తా ఉండారా, కొంగుకి పోస్తా ఉండారా?” అని ఒకటే నవ్వు. కన్ను మూసుకుని, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు వేలితో అదిమి పట్టుకోవడం నేర్పింది. ఇవాళ చూస్తే కంటి ఒత్తిడి ఇరవై ఎనిమిది నుంచి పదిహేనుకు దిగింది! లేజరూ వద్దు, ఆపరేషనూ వద్దన్నారు. గోరిమేడు ఆసుపత్రి నుంచి ఇంటిదాకా బస్సులో కనబడ్డ బోర్డల్లా చదువుకుంటూ వచ్చాను.

ఈ జబ్బు తోబుట్టువులకూ రావచ్చట. ఈ వారమే కాకినాడ వెళ్లి కళ్లు చూపించుకో, సాకులు చెప్పకు. వంటింటి కప్పు కారడం ఆగిందా? చిన్నదానికి నా ఆశీస్సులు.

ఈ కార్డు అమ్మకు నువ్వే చదివి వినిపిస్తావు. కొంగు సంగతి చదవమనాలో, దాటేయమనాలో నాకింకా తేలడం లేదు.

నీ చెల్లి
వకుళ