బొంతలు కట్టిన హాలు

నవంబర్ 19, 1963 – బెల్లంపల్లి

దిగాం. పెట్టెలు ఐదు, మనుషులం ముగ్గురం – ప్రొఫెసర్ గారు, విమల, నేను. టేప్ రికార్డర్ దారి పొడుగునా నా ఒళ్లోనే. దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనివ్వరాయన. ఆ మాత్రానికే ఛాతీ పొంగింది నాకు.

హాళ్లలో మాట ఎందుకు చెదిరిపోతుందో, దాన్ని ఎట్లా నిలబెట్టాలో వెతకడం మా యూనివర్సిటీ బృందం పని. ఇన్నాళ్లూ క్లాసు గదుల్లో చప్పట్లు కొట్టి ప్రతిధ్వని కొలుచుకుంటూ గడిపాం. ఊరు దాటి చేసే మొదటి పని ఇదే. అదీ మా మేనమామ మల్లయ్య ఉండే ఊళ్లో!

మామ స్టేషన్‌కే వచ్చాడు. పెట్టె నా చేతిలోంచి లాక్కున్నాడు. ప్రొఫెసర్ గారికి రెండు చేతులా దండం. "మా అల్లుడు మీ కాడ సదువుతుండని వాడకట్టంత చెప్పుకుంటున్న సారూ..."

"రాజేశం లేకపోతే మా బృందానికి చెవులే లేవండీ" అన్నారాయన. మామ ఇంటికొచ్చి ఆ మాట అత్తకు మూడుసార్లు చెప్పాడు. నేనూ ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

నవంబర్ 20

హాలు చూశాం. రేకుల కప్పు, సిమెంటు గోడలు, బండల నేల. మెత్తనిది ఒక్కటీ లేదు. కాగితపు సంచి ఊది పేల్చాను. ఆ చప్పుడు చావడానికి నాలుగు సెకన్లు. ఒక మాట పోకముందే ఇంకో మాట వచ్చి మీద పడుతుంది. మైకు పెడితే ఇంకా అధ్వాన్నం. ఊరివాళ్లు కమిటీ వేసుకుని కట్టుకున్న హాలు, పాపం.

మామ బాధ వేరు. బొగ్గుబాయిలో ఆయన పని కప్పు చూడడం. ఎవరూ లోపలికి పోకముందే కర్రతో పైనున్న రాయిని కొడతాడు, ఇంకో చేతి అరచెయ్యి రాయికి ఆనించి. గట్టి రాయి ఖంగుమంటుంది. వదులైంది డొల్లగా పలుకుతుంది. ఆ తేడా పట్టుకోకపోతే దాని కిందికి పోయిన మనిషి తిరిగి రాడు. కొత్తగా చేరినవాళ్లకు ఆయన ఇది నేర్పేది ఈ హాల్లోనే. రెండు బండలు వేలాడదీశాడు, ఒకటి మంచిది, ఒకటి లోపల పగిలింది. కొట్టి చూపించాడు. తేడా నాకే తెలియలేదు.

"సూశినవా, రెండు ఒక్కతీర్గనే మోగుతున్నయ్. బయట నేర్పుదమంటె ఇంజన్ల రొద. నేర్వకుంట లోపలికి దిగనియ్యరు. ఎండకాలం వస్తె నా నౌకరి అయిపాయె. గీలోపల పది మందికన్న చెవి ఇచ్చి పోవాలె అల్లుడా."

నాది జిమ్మ మామా, నేను చూసుకుంట, అన్నాను. ప్రొఫెసర్ గారు వింటుండగానే.

నవంబర్ 22

గోడలకు వేసే మెత్తటి అట్టలు బొంబాయి నుంచి రావాలట. నెలలు పడుతుంది.

పొద్దున అత్త దండెం మీద బొంత ఆరేసింది. ఇవతల నిలబడి చాయ్ అడిగాను. నా గొంతు నాకే దగ్గరగా, పొడిగా వినిపించింది. చాయ్ మర్చిపోయి ప్రొఫెసర్ గారి దగ్గరికి పరుగు. ఈ వాడలో ఇంటికి రెండు బొంతలున్నాయి సార్, పాత చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టినవి, అవన్నీ గోడలకు కడితే...

ఆయన నా భుజం తట్టారు. "ఇది నీ పేరు మీదే అచ్చు కావాలి రాజేశం. ముందు నీ పేరు, తర్వాత నాది."

సంతోషానికి అన్నం సహించలేదు.

నవంబర్ 24

మామతో ఇల్లిల్లూ తిరగడం.

"సలికాలంల బొంతలడుగుడేంది మల్లన్నా, పిస్స లేసిందా నీకు?"

"పొద్దుగూకేసరికి మీ బొంత మీ ఇంట్ల ఉంటది. నా మాట." ప్రతి గుమ్మం దగ్గరా ఇదే. ఇచ్చారు. రోజూ ఈయన "పోండ్రి" అంటేనే ఆ ఇళ్ల మగవాళ్లు కప్పు కిందికి పోతారు. ఆయన మాట మీద ప్రాణాలు పెట్టేవాళ్లకు బొంతలెంత.

ఏది ఎవరిదో రాసుకోబోయాను. ఆడవాళ్లు నవ్వారు. "మా అవ్వ చీర ముక్క నేను గుర్తువట్టనా?"

నవంబర్ 25

కట్టాం. సంచి పేల్చాను. టప్... అంతే. విమల స్టాప్‌వాచ్ నొక్కేలోపు అయిపోయింది. తర్వాత ఆమె వేదిక మీద నిలబడి మాటల జాబితా చదివింది. చివరి వరుసలో బాయి పనివాళ్లు ఒక్కో మాటా తిరిగి చెప్పారు, ఒక్కటి తప్పలేదు.

మామ బండలు కొట్టాడు. ఒకటి ఖంగుమంది, ఒకటి డొల్ల. ఎప్పుడూ బాయి మొహం చూడని అత్త కూడా వెనక నుంచి "గది పలిగింది" అంది. మామ తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

పొద్దుగూకకముందే ఎవరి బొంత వాళ్లకు చేరింది. నోట్‌బుక్‌లో కొలతల కింద ఎర్ర సిరాతో రాశాను: ఇవి బొంతలు కట్టినప్పుడు మాత్రమే. తీసేస్తే హాలు ఎప్పటిలాగే ఉంది.

డిసెంబర్ 8

మళ్లీ బెల్లంపల్లి. ఎల్లుండి హాల్లో మా పని చూపించే సభ, పట్నం నుంచి పెద్దలు వస్తున్నారు. మళ్లీ బొంతలు. ఈసారి వాటి మీద తెల్లగుడ్డ, మేకులతో. బొంతలు కనిపించకూడదట.

"పాత చీరలు చూపించి పరిశోధన అంటామా?" అన్నారు ప్రొఫెసర్ గారు.

చిల్లులు పడతాయి సార్, వాళ్లు కప్పుకునేవి...

"రెండు రోజులే కదా. బొంబాయికి ఉత్తరం రాశాను. అట్టలు రాగానే ఈ గొడవంతా ఉండదు."

నమ్మాను. మేకులు నేనే కొట్టాను.

డిసెంబర్ 9

బొంతలు నిన్న తిరిగి ఇవ్వలేదు. గుడ్డ విప్పితే మళ్లీ బిగించే టైము లేదన్నారు. పొద్దున లేచి చూస్తే అత్త గోనెసంచి కప్పుకుని పొయ్యి ముందు కూర్చుంది, దగ్గుతూ. నన్ను చూసి చాయ్ పోసిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

చాయ్ హోటల్లో ఎవరో మామను అడిగారు. "మల్లన్నా, నీ మాట గింతేనా?" చాయ్ తాగకుండానే ఇంటికొచ్చాడు.

డిసెంబర్ 10

సభ. చివరి వరుస దాకా ప్రతి మాటా వినిపించింది. చప్పట్లే చప్పట్లు. ప్రొఫెసర్ గారు "నా పద్ధతి" అన్నారు, నాలుగుసార్లు. బొంత అన్న మాట ఎక్కడా లేదు. ఫోటో తీసేటప్పుడు నేను వెనక వైర్లు చుడుతున్నాను. పిలుస్తారని వైర్లు నెమ్మదిగా చుట్టాను. పిలవలేదు.

అందరూ వెళ్లాక మేకులు పీకి బొంతలు లాగేశాం. తెల్లగుడ్డ మాత్రం మళ్లీ గోడలకు బిగించమన్నారు ప్రొఫెసర్ గారు. మామ అడిగాడు. "బొంతలు తీస్తె మల్ల ఎప్పటిలెక్కనే గద సారూ?"

"ఆ గుడ్డ లెక్కలు వేసి బిగించిందండీ. అదొక్కటే చాలు. కొలిచింది మీ అల్లుడే, అడగండి."

మామ నా వైపు చూశాడు. అట్టలు ఎట్లాగూ వస్తాయి, ఈ నాలుగు రోజులకు మామ ముందు ఆయన మాట తీసేయడం ఎందుకు...

తల ఊపాను.

డిసెంబర్ 11 – రైల్లో

విమల టైపు చేసిన కాగితాలు. "కొలిచినవాడివి నువ్వు కదా, సంతకం పెట్టెయ్యి" అన్నారు ప్రొఫెసర్ గారు. అయిదు చోట్ల పెట్టాను. చదవలేదు. ఆయన చదివాక నేను చదవడమేమిటి!

డిసెంబర్ 29 – చెన్నూరు

ఇంటికొచ్చాను, రెండు రోజులు. అవ్వ చుట్టుపక్కల అందరికీ చెప్పేసింది, కొడుకు పేరు పుస్తకంలో అచ్చవుతుందని. బాపుకు చదువు రాదు. "వచ్చినంక గా పేరు ఏడున్నదో వేలు వెట్టి సూపెట్టురా, జాగ యాదికుంచుకుంట" అన్నాడు.

జనవరి 21, 1964 – హైదరాబాద్

ప్రొఫెసర్ గారు ఢిల్లీలో చదివిన వ్యాసం అచ్చయి వచ్చింది. పొరల గుడ్డతో హాళ్లలో శబ్దాన్ని అదుపు చేయడం గురించి. పేరు ఒక్కటే. ఆయనది. మళ్లీ చూశాను. వెనక అట్ట కూడా చూశాను. చివర కృతజ్ఞతల్లో స్టేషన్ మాస్టరు ఉన్నాడు, పెట్టెలు జాగ్రత్తగా దింపించినందుకు. నేను లేను.

బాపుకు ఎక్కడ వేలు పెట్టి చూపించను?

జనవరి 22

అడిగాను. "పేరుకేం తొందరయ్యా, ముందు థీసిస్ కానీ. దాని మీద సంతకం చేయాల్సింది నేనే కదా." నవ్వుతూనే అన్నారు. టీ తెప్పించారు. తాగాను, సిగ్గులేకుండా.

అట్టల సంగతి అడిగాను. "ఇంకా అట్టలెందుకు? హాలు బాగుందని కమిటీకి సర్టిఫికెట్ పంపేశాం."

బొంబాయికి ఉత్తరం అసలు రాశారా? అడగలేకపోయాను.

జనవరి 23

సర్టిఫికెట్ ఆఫీసు ప్రతి తీయించి చూశాను. కొలతలు నావే. ఎర్ర సిరా మాట లేదు. కింద నా సంతకం, పెద్దగా, గర్వంగా.

విమల కళ్లెత్తలేదు. "సార్ తీసేయమన్నారు... నీకు తెలిసే సంతకం పెట్టావనుకున్నా."

వ్యాసం మీద ఉండాల్సిన పేరు అక్కడ లేదు, ఈ అబద్ధం కింద మాత్రం భద్రంగా ఉంది. నా ఆలోచన తీసుకున్నాడు, సరే. నా సంతకం కూడా తీసుకున్నాడు. బాపు తర్వాత అంతటివాడనుకున్నాను ఈ మనిషిని. ఇంత నమ్మినందుకు నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనుంది.

జనవరి 30

మామకు ఉత్తరం మొదలుపెట్టాను. "ఇక్కడ క్షేమం" దగ్గర ఆగింది.

ఫిబ్రవరి 4

రాయలేదు.

ఫిబ్రవరి 17

మామ దగ్గర నుంచే ఉత్తరం. పక్కింటి మాస్టారితో రాయించాడు, చెప్పింది చెప్పినట్టు.

"అల్లుడా, సర్టిఫికెట్ అద్దం కట్టిచ్చి హాల్ల వెట్టిన్రు. దాని కింద నీ దస్కతు అందరికి సూపెట్టిన. కొత్తోళ్లకు బండలు కొట్టి వినిపిచ్చిన. నాకే తేడా దొర్కలే. హాలు మంచిగైందని నువ్వే రాస్తివి, గట్లయితే నా చెవులే పోయినయ్. ఇప్పుడు బాయిల కప్పు కొట్టినా నమ్మిక వస్తలేదు. పది మంది పానాల తోని ఆడుకునుడు మంచిది కాదని కర్ర అప్పజెప్పిన. దీపాల గదిల కూసోని బాయిలకు దిగేటోళ్లకు దీపాలిస్తున్న. నా జాగల వేరే మనిషిని వెట్టిన్రు. ఆయన గా హాల్లనే నేర్సుకున్నడు. నువ్వు ఫికర్ చెయ్యకు, మంచిగ సదువుకో."

ఫిబ్రవరి 18

ఆ హాల్లో నేర్చుకున్న మనిషి ఈ పొద్దు కూడా కప్పు కొట్టి ఉంటాడు. "పోండ్రి" అని ఉంటాడు.

ఫిబ్రవరి 19

ప్రొఫెసర్ గారికి ఉత్తరం చూపించాను. సగం చదివి మడిచి ఇచ్చారు. "వయసు మీద పడుతుంది కదా." అంతే.

ఫిబ్రవరి 24

మామ వచ్చాడు. చెప్పా పెట్టకుండా, తిన్నగా ల్యాబుకే. చంకలో బొంత. "అత్త పంపింది, పట్నంల నీకు సలి వెడ్తదని." మేకుల చిల్లులన్నీ ఒక్కొక్కటిగా దారంతో కుట్టేసింది.

"జర నా చెవులు సూడు బిడ్డా. మీ కాడ మిషన్లున్నయ్ గద. పోయినయంటె పోయినయని చెప్పు, మనసు నిమ్మలమైతది."

విమల ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగింది. నేను ఇంకో జత పెట్టుకుని చప్పుడు తగ్గిస్తూ పోయాను. మామ కళ్లు మూసుకుని, వినబడినప్పుడల్లా వేలు ఎత్తుతున్నాడు. నాకు వినబడని చోట కూడా ఎత్తాడు. విమల గుర్తులు పెడుతూ కాగితం మీద చివరి గీత దాకా వచ్చి తల తిప్పుకుంది.

"చెవులు మంచిగున్నయ్ మామా."

సంతోషిస్తాడనుకున్నాను. నవ్వలేదు. "గట్లయితె హాల్ల ఎందుకు దొర్కలే?"

తలుపు దగ్గర ప్రొఫెసర్ గారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో. "పెద్దాయన, అలసిపోయారు. విశ్రాంతి తీసుకోమని చెప్పు రాజేశం." చేతిలో నా థీసిస్, ఈ వారమే సంతకం చేస్తానన్నది. దాన్ని కావాలనే పట్టుకొచ్చారా, లేక నాకే అట్లా తోస్తోందా...

జర కూసో మామా, ఇప్పుడే వస్త. బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికొచ్చాను. ప్రొఫెసర్ గారు, విమల వెళ్లిపోయారు. ఒక్కణ్నే ఉన్నాను.

నోట్‌బుక్ ముందే ఉంది. ఎర్ర సిరా పేజీ. చించి మామ చేతిలో పెడితే చాలు, కమిటీ చూస్తుంది, ఆయన కర్ర ఆయనకు వస్తుంది. హాల్లో నేర్చుకున్న మనిషిని ఆపుతారు. నాకు డిగ్రీ రాదు. మామకు ఇంకోటి కూడా తెలుస్తుంది. ఆ రోజు ఆయన నా మొహం చూసి అడిగితే నేను తల ఊపానని.

మామ బండి అయిదింటికి. నాలుగు దాటింది. పేజీ ఇంకా పుస్తకంలోనే ఉంది.

మామ ఊరికే కూర్చోలేదు. వెనకున్న గోడ మీద వేలి కణుపుతో కొట్టి చూస్తున్నాడు, తన చెవులు తనకు నిజంగా ఉన్నాయో లేవోనని. కొంచెం జరుగుతాడు, మళ్లీ కొడతాడు. నేను కూర్చున్న గది గోడే అది. ఇటు నుంచి వింటున్నాను.