ఇల్లు లేనివాళ్ల పట్టిక

నంద్యాల,
23-5-1979.

ప్రేమగల అమ్మకు,

నీ రెండో కొడుకు జకరయ్య నమస్కరించి రాస్తున్న జాబు. దేవుని దయవల్ల నేను, నీ కోడలు, పాప ఒంట్లో బాగానే ఉన్నాము. నీవూ, మన వీధిలోవాళ్లూ బాగున్నారని నమ్ముతున్నాను. కవరు మీద నంద్యాల ముద్ర చూసి నీకు ఆశ్చర్యం కలుగుతుంది. పట్నంలో ఆఫీసుకు సెలవు పెట్టి నాలుగు రోజులుగా ఇక్కడే ఉన్నాను. ఎందుకో ముందు ముందు రాస్తాను.

నీవు పోయిన జాబులో అడిగినవాటికి మొదట జవాబులు. పాప గోడ పట్టుకొని నడుస్తోంది. నీవు పంపిన చింతపండు అందింది. నీ కంటి సంగతి పట్నంలో డాక్టరును అడిగాను. పొర ముదిరితే గాని కోయరట. ఎండలు తగ్గాక తీసుకొచ్చి చూపిస్తాను. అంతవరకు పొయ్యి పొగలో కూర్చోవద్దు, పక్కింటివాళ్ల చేత ఊదించు. చర్చి రేకులు గాలికి లేచిపోయాయని రాయించావు. వానలకు ముందే వేయించమని పెద్దలతో చెప్పు.

కడపటి ప్రశ్న, నీవు ప్రతి జాబులోనూ అడిగేదే. "పెద్దోని జాడ ఏమన్నా తెలిసిందా?" అని. నేనూ ప్రతి జాబులో తెలియలేదనే రాస్తూ వచ్చాను.

లూదియమ్మ టీచరు గారూ, ఈ జాబు అమ్మకు చదివి వినిపిస్తున్నది మీరే కదా. ఇక్కడ కొంచెం ఆగండి. అమ్మను గోడకు ఆనుకొని కూర్చోమనండి. ఆమె చేయి పట్టుకోండి. ఆ తర్వాత ఒక్క మాట కూడా వదలకుండా చదవండి.

అమ్మా, నతానియేలు అన్న ఇక లేడు. పోయిన వారం శిరివెళ్ల దగ్గర వడదెబ్బకు చనిపోయాడు. ఊరివాళ్లే పూడ్చారు. అంతవరకే రాసి ఊరుకోవచ్చు. కానీ ఎలా జరిగిందో నీకు నేను తప్ప చెప్పేవాళ్లు లేరు.

నాపరాళ్ల గనిలో బండలు పగలగొట్టే తూటా పేలి కుడిచేయి మణికట్టు దాకా పోయాక, "ఒంటిచేతోన్ని కూచోబెట్టి ఎన్నాళ్లు సాకుతావు" అని అన్న ఇల్లు వదిలిపోయాడు. రెండేళ్ల కిందట నేను పనిచేసే పట్నంలోనే కనిపించాడు. కూరగాయల మార్కెట్టు పక్కన గోదాముల అరుగు మీద ఉండేవాడు. రైతులు తెచ్చిన గంపలకు కాపలా కాసేవాడు. ఎడమ చేత్తో అంగళ్ల ముందు ఊడ్చేవాడు. నన్ను చూసి నవ్వాడు.

"గుమాస్తా అయినావంటనే! అమ్మకు మాత్రం చెప్పొద్దురా. ఈడుండానని తెలిస్తే బస్సెక్కి వచ్చేస్తాది" అన్నాడు.

ఆయన వద్దన్నాడు గనుకనే చెప్పలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. అది సగమే నిజం. మునిసిపాలిటీ గుమాస్తా సొంత అన్నే అరుగు మీద పడుకుంటాడని తెలిస్తే ఆఫీసులో తలెత్తుకోలేనని భయం. ఆదివారం చర్చి నుంచి వస్తూ అన్నం డబ్బా ఇచ్చేవాణ్ణి. తెలిసినవాళ్లు ఎవరైనా ఎదురొస్తుంటే డబ్బా అక్కడ పెట్టి వెళ్లిపోయేవాణ్ణి. మా ఇంటికి రా అని ఒక్కసారైనా పిలవలేదమ్మా.

ఈ నెల మధ్యలో పట్నంలో పెద్ద సభ జరగాల్సి ఉండింది. బయటి నుంచి పెద్దవాళ్లు వస్తున్నారని మా ఆఫీసుకు ఉత్తర్వు వచ్చింది. రోడ్ల పక్కన, అరుగుల మీద పడుకునేవాళ్లందరినీ ఊరవతల ఆశ్రమానికి చేర్చాలి. అక్కడ తిండి, పాక, చేతనైన పని ఇస్తారని అందులో ఉంది. చదివి నేనూ సంతోషించాను. అన్నకు తల దాచుకునే చోటు దొరుకుతుంది, నాకు దొంగచాటు తిరుగుళ్లు తప్పుతాయి అనుకున్నాను.

నా చేతిరాత బాగుంటుందని పట్టిక రాసే పని నాకే ఇచ్చారు. పొద్దున్నే మార్కెట్టు ముందు బల్ల వేశారు. పేరు, వయసు, ఊరు, బంధువులు. ఒక్కొక్కరిని అడిగి రాయడం, రాసినవాళ్లను లారీ ఎక్కించడం. నా వెనక మేనేజరు శేషయ్యగారు నిలబడ్డారు. ఒక ముసలామె తాడు పట్టుకొని వచ్చి, "ఆడ నా మేకను కట్టేసుకోనిస్తారా సామీ?" అని అడిగింది. "మేకకు ఉత్తర్వు ల్యా" అన్నారు శేషయ్యగారు. ఆమె తాడు వదిలేసి లారీ ఎక్కింది. మేక లారీ చుట్టూ తిరుగుతూ అరిచింది.

అన్న కూడా ఆ వరుసలోనే వచ్చాడు, లారీ ఎక్కాడు. బల్ల దగ్గర ఏం జరిగిందో కడపట రాస్తాను. ఇప్పుడే రాస్తే తక్కినది రాయలేను.

ఆ సాయంత్రం పైఅధికారులకు పంపే కాగితం నేనే రాశాను. "పట్టణమున నిలువ నీడలేని వారెవ్వరును లేరు" అని. శేషయ్యగారు చదివి, ముత్యాల్లాంటి అక్షరాలు అని మెచ్చుకున్నారు.

సభ అయిపోయాక అన్నను చూద్దామని సైకిల్ మీద ఆశ్రమానికి పోయాను. పునాదులకు తీసిన గుంతలు, వాటి నిండా తుమ్మకంప. మనిషి లేడు. తిరిగొచ్చి లారీ డ్రైవరు మద్దిలేటిని పట్టుకున్నాను.

"వాళ్లను యాడ దింపినావన్నా?"

"పాణ్యం దాటినాక, రోడ్డు పక్కన. అట్లనే దింపి రమ్మన్నారు. నీకు తెల్దా ఏంది? పట్టీ రాసింది నువ్వే గదప్పా."

మరునాడే బస్సెక్కాను. పాణ్యం దగ్గర ఎవరూ లేరు, తలా ఒక దిక్కు పోయారట. నంద్యాలలో రెండు రోజులు తిరిగాను. చివరకు ఆనవాళ్లు చెబితే స్టేషను దగ్గర టీ అంగడి బుడేన్ గుర్తుపట్టాడు.

"చెయ్యి ల్యాని ఆయప్పనా? టీ ఇచ్చినా. బస్సుకు పోరాదాప్పా అంటే, ఈ గుడ్డలు చూసి కండక్టరు దింపేసినాడన్న్యాడు. ఆళ్లగడ్డ దావ యాదని అడిగి, ఆ ఎండలోనే నడిచిపాయ."

నేనూ మన ఊరికి వచ్చే ఆ దారినే అడుగుతూ పోయాను. శిరివెళ్ల మొదట్లో గుడిసె వేసుకొని ఉన్న రాములమ్మ అనే ఆమె చెప్పింది.

"మిట్టమధ్యాన్నం వచ్చి మా పంచన కూలబడినాడు నాయనా. ముంతెడు నీళ్లు తాగినాడు. పొద్దు వాలినాక పోదువులే అన్న్యా. 'ఇంగ దగ్గరే గదమ్మా మా ఊరు, ఆడ మా యమ్మ ఉండాది' అని లేసినాడు. నాలుగడుగులేసి పడిపాయ. మల్లా కండ్లు తెరవల్యా."

ఊరూ పేరూ తెలియదని పంచాయతీవాళ్లే పూడ్చారట. పూడ్చేముందు ఆమె తన పాత చీర కప్పిందట. నన్ను తీసుకుపోయి వాగు పక్కన మట్టికుప్ప చూపించింది. నేను కూర్చుని ప్రార్థన చేయబోయాను. చేయలేక లేచి వచ్చేశాను.

ఇప్పుడు బల్ల దగ్గరి సంగతి. ఇది నీకు తెలియకుండా నీ చేతి అన్నం తినలేను.

అన్న వంతు వచ్చినప్పుడు నేను తలెత్తలేదు. పేరు అడిగాను. "కొండయ్య" అన్నాడు. ఊరు అడిగాను. "తెల్దు సార్" అన్నాడు. నన్ను సార్ అన్నాడమ్మా. శేషయ్యగారు ముందుకు వంగి, "ఈ ఊర్లో నీకు అన్నదమ్ములెవరన్నా ఉంటే చెప్పప్పా. వాళ్లకే అప్పజెప్తాం, లారీ ఎక్కే పనిల్యా" అన్నారు. మంచిగానే అడిగారు.

అన్న నేను మాట్లాడతానేమోనని ఆగాడు. ఒక్క మాట చాలు, ఈయన మా అన్న అని. నేను కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను. కలంలో సిరా కారి వేలికి అంటింది, దాన్ని తుడుచుకున్నాను.

"ఎవురూ ల్యారు సార్" అన్నాడు అన్న.

లేరు అని రాశాను.

ఉద్యోగం వదిలేస్తానని రాస్తే నీకు కొంచెం ఓదార్పుగా ఉంటుందేమో. కానీ వదలను. పాప ఉంది, నాకు వేరే పని రాదు. నేను బయల్దేరిన రోజే ఆ అరుగు మీద కొత్తవాళ్లు పడుకొని ఉన్నారు. ఏదో ఒకరోజు మళ్లీ బల్ల వేస్తారు. నన్నే రాయమంటారు. అప్పుడు కాదంటానని నీకు మాట ఇవ్వలేను, ఆ ధైర్యం నాలో ఉండి ఉంటే ఈ జాబే ఉండేది కాదు.

క్షమించమని అడగడం లేదు. శుక్రవారం పొద్దున బస్సుకు ఆళ్లగడ్డ వస్తాను. నీవు పిలిచేదాకా వీధిలోనే నిలబడతాను. అన్నను పూడ్చిన చోటు చూడాలనుకుంటే నేను తీసుకుపోతాను. నా మొహం చూడలేనంటే లూదియమ్మ టీచరును తోడు తీసుకొని పో. శిరివెళ్లలో దిగి రాములమ్మ ఇల్లు అడుగు, ఆమె చూపిస్తుంది. పొద్దున్నే పో అమ్మా. ఎండ పడవద్దు.

ఇట్లు,
నీకు మిగిలిన కొడుకు,
జకరయ్య.