బట్టీ పొగకు ధర

శనివారం, బూర్గంపాడు గెస్ట్‌హౌస్

బడి వదిలాక ఇన్నేళ్లకు ఇవాళ ఇక్కడి ప్రజాభిప్రాయ సభలో సుల్తానాను చూశాను. చలికాలం పొద్దున్నే బడికి పోతూ ఇద్దరం వాళ్ల నాన్న ఇటుక బట్టీ దగ్గర ఆగి చేతులు కాచుకునేవాళ్లం. గోదావరి మీది మంచూ బట్టీ పొగా కలిసిపోయేవి. ఆ వాసన యూనిఫాంకు పట్టి సాయంత్రందాకా వదిలేది కాదు. ఎంత ఇష్టంగా ఉండేదో! ఇవాళ ఆ పొగకే ధర పెంచే ప్రభుత్వ ముసాయిదా పట్టుకొని వచ్చాను. బట్టీ ఇప్పుడు సుల్తానాది.

బొగ్గు కాల్చేవాళ్లు వదిలే పొగకు కట్టే కార్బన్ ధర పెంచుతామని చదవగానే సుల్తానా లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"పెంచున్రి మేడమ్, కడతా. ఎండలు గిట్ల ముదిరినందుకే మా బట్టీల పనిజేసే లచ్చమ్మ వడదెబ్బకు పాణం ఇడిచింది. గానీ పెద్ద ఫ్యాక్టరీలకు మినహాయింపు ఏంది? వాళ్లది పొగ కాదా?"

ఆ మినహాయింపు కోసం మొదటినుంచీ పట్టుబట్టిన మా డైరెక్టర్ నా వైపు చూశారు. నేను మైకు తీసుకొని, "ఆమె అడిగింది న్యాయం. దాన్ని తీసేయమని నేనే రాస్తాను" అన్నాను.

బయట సుల్తానా నా చెయ్యి పట్టుకుంది. "నిన్ను మేడమ్ అనేసరికి నవ్వాగుతలేదే" అంటూ చిన్నప్పటిలాగే పగలబడి నవ్వింది. తర్వాత మెల్లగా, "పొగ తక్కువొచ్చే బట్టీ కట్టుకునేదాకా జర గడువు ఇప్పిస్తవా?" అని అడిగింది.

ఇప్పిస్తానన్నాను.

కారులో డైరెక్టర్ ఆఫీసుకు ఫోన్ చేసి, సోమవారం నా సర్వీసు ఫైలు తన బల్ల మీద ఉండాలన్నారు. సుల్తానాకైతే మాట ఇచ్చేశాను. సోమవారం తర్వాత దాన్ని నిలబెట్టుకునే కుర్చీలో నన్ను ఉంచుతారో లేదో...