తెరిచి ఉండగానే మూసుకున్న ల్యాప్‌టాప్

జులై 9, మాంటెవిడియో

నెల్బా అక్క ల్యాప్‌టాప్‌లో తెరెసిత ఈరోజు ఊరికే దొరికే లినక్స్ ఎక్కించింది. పాత సిస్టమ్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి. తెరెసిత మా సహకార గృహసముదాయంలోనే ఉంటుంది, హైస్కూల్లో కంప్యూటర్లు చెబుతుంది.

పక్షవాతంతో అక్కకు మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. ల్యాప్‌టాప్ స్క్రీన్‌ను పూర్తిగా వెనక్కి మడిస్తే పలకలా అవుతుంది. ఎడమచేత్తో అక్షరాలు తాకితే యంత్రం పైకి చదువుతుంది. గొంతు మాత్రం స్పెయిన్‌ది. అక్క మొదట అడిగింది: ఈవిడెవర్రా, మాడ్రిడ్ నుంచి దిగిన మా అత్తగారా?

19న సముదాయం సభ. కింది అంతస్తులో ఇల్లు ఖాళీ అయింది. అక్క ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఇల్లు కావాలన్నవాళ్లే సభలో అడగాలి. ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడకూడదు. ఇటుకలు మోసి ఈ ఇళ్లు కట్టుకున్నవాళ్లు పెట్టుకున్న నియమం అది.

జులై 11

వాక్యం మధ్యలో స్క్రీన్ నల్లబడింది. సస్పెండ్ అయిందట, అంటే నిద్రపోయిందన్నమాట.

జులై 12

మళ్లీ రెండుసార్లు. తెరెసిత తన ఇంటికి పట్టుకెళ్లింది. సాయంత్రం దాకా బాగానే ఉంది. తిరిగి తెచ్చి అక్క ముందు పెట్టాం. పడుకుంది. మెషిన్‌ను లేపాక అక్క అక్షరాలు తాకింది: నన్ను చూస్తే దీనికి నిద్రొస్తోంది.

ఎదురింటి ఎల్బియో తొంగిచూసి, ఊరికే వచ్చిన సరుకు ఇంతేనయ్యా అన్నాడు. నువ్వు ఊరికే ఇచ్చే సలహాల కంటే నయంలే అంది తెరెసిత.

జులై 14

మెషిన్ తన పనులన్నీ రాసుకునే లాగ్‌ను తెరెసిత తీసి చూపించింది. ప్రతిసారీ అందులో ఒకటే మాట: మూత మూసుకుంది.

ఎవరూ మూయలేదు. నేను పక్కనే కూర్చున్నాను. విలేకరిగా ఎందరో సాక్షుల్ని చూశాను. అబద్ధమాడేవాడి కథ మారుతూ ఉంటుంది. దీని కథ మారడం లేదు. అంటే మూత మూసుకుందనే అది నమ్ముతోంది. దాన్ని నమ్మిస్తున్నది ఏమిటి?

జులై 16

అక్క ఇంట్లో ఉండి తెరెసిత ఇంట్లో లేనిదేమిటి?

ఇక్కడ అందరూ రోజంతా తాగే మాతే ఆకు కషాయం తెరెసిత తాగదు. కడుపులో మంట. అక్కేమో వేడినీళ్ల ఫ్లాస్కు, తాగే సొరబుర్ర, ఆకు అన్నీ పట్టే తోలు సంచిని ఎదురుగా పెట్టుకుని, స్క్రీన్‌ను దానికే ఆనిస్తుంది. సంచికి అయస్కాంతం బొత్తం ఉంది.

సంచి తీశాను. ల్యాప్‌టాప్ లేచింది. ఆనించాను. పడుకుంది.

మూత పడిందని ఈ మెషిన్‌కు తెలిసేది అయస్కాంతంతోనేనట. పలకలా మడిచినప్పుడు పాత సిస్టమ్ దాన్ని పట్టించుకునేది కాదట. తెరెసిత నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది. ఈ జబ్బు మన ఊళ్లో తప్ప ఇంకెక్కడా రాదు అంది.

జులై 19

సభ. ఏ చంక చూసినా మాతే సంచే. అక్క బల్లకు దూరంగా, అన్నీ గోడవారగా పెట్టమన్నాను. నా చెయ్యి కూడా కోసి అక్కడే పెట్టనా అని ఎల్బియో గొణిగాడు. కానీ పెట్టాడు.

అక్క తాకింది. మాడ్రిడ్ గొంతు చదివింది: నాకు కింది ఇల్లు కావాలి. వీధిని కిటికీలోంచి చూసి చూసి విసుగొచ్చింది.

అది మెషిన్ గొంతు, నెల్బాది ఎలా అవుతుంది అని సభ్యుల్లోంచి హిల్డా లేచింది.

అక్క తొందరపడలేదు. ఒక్కో అక్షరమే తాకింది: నువ్వు కట్టుడుపళ్లతో మాట్లాడితే అది పళ్ల డాక్టరు మాట అవుతుందా హిల్డా?

ముందు హిల్డాయే నవ్వింది. ఓటుకు చేతులు లేచాయి. ఆమెదీ లేచింది.

ఆగస్టు 2

అక్క కింది ఇంటికి మారింది. సంచి గుమ్మం దగ్గర మేకుకు వేలాడదీశాను. వంటింట్లో ఉండగా మాడ్రిడ్ గొంతు వినిపించింది: నీళ్లు కాగాయేమో చూడరా. ఆ సంచి ఇటు తే. ఈవిణ్ని కాసేపు పడుకోబెడదాం.